మూడు గ్లాసుల పరీక్ష

హైదరాబాద్ చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్లలో స్కాచ్ సీసా బయటికి తీస్తే మొదట వచ్చే ప్రశ్న ఎంత పడింది అని. తర్వాత ఎన్నేళ్లది అని. ఆ తర్వాత ఎవరు తెచ్చారు అని. ఎలా ఉంది అని అడిగేసరికి సోడా కలిపేసి ఉంటారు, మిర్చి బజ్జీలు సగం అయిపోయి ఉంటాయి. జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: "స్మూత్‌గా ఉంది." అంటే గొంతు మండలేదని. మండకపోతే మరి ఏం తగిలింది అంటే చెప్పేవాళ్లు తక్కువ.

స్కాచ్‌కూ స్కాచ్‌కూ మధ్య తేడా నిజంగా ఎంత? అందులో సీసాలో ఉన్నదెంత, లేబుల్ మీద ఉన్నదెంత, మన ఎండ, మన నీళ్లు, మన మంచింగ్ చేసేదెంత? దీని మీద గత నలభై యాభై ఏళ్లలో రసాయన శాస్త్రవేత్తలు, గణాంక శాస్త్రవేత్తలు, పరిశ్రమ మనుషులు చాలానే పని చేశారు. ఆ పనిని ఈ మూడు పేటల అలవాట్ల పక్కన పెట్టి చూస్తే కొన్ని నమ్మకాలు నిలబడతాయి, కొన్ని కూలిపోతాయి.

ముందు సరుకు సంగతి. తెలంగాణలో మద్యం హోల్‌సేల్ అంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌దే. చిల్లర దుకాణాలు ప్రైవేటువాళ్లవి. లాటరీలో రెండేళ్లకు లైసెన్సు ఇస్తారు. 2023లో రాష్ట్రంలోని 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పుడు ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షలు. అంత పోటీలో డ్రాలో పేరు వచ్చినవాడు రెండేళ్లలో డబ్బు రాబట్టుకోవాలి. ఎప్పుడో ఒకసారి కదిలే స్కాట్లండ్ ఐలా దీవి మాల్టును, అంటే మొలకెత్తిన బార్లీతోనే చేసిన విస్కీని, అరలో పెట్టుకుని దుమ్ము దులుపుతూ కూర్చోడు. అందుకే నారాయణగూడ చౌరస్తా నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా వైన్స్ షాపుల్లో కనిపించేవి ఎక్కువగా అవే పేర్లు: హండ్రెడ్ పైపర్స్, బ్లాక్ డాగ్, టీచర్స్, బ్లాక్ అండ్ వైట్, వ్యాట్ 69. పై అరలో జానీ వాకర్ రెడ్, బ్లాక్, షివాస్ రీగల్. అదృష్టం బాగుంటే ఒక గ్లెన్‌ఫిడిక్, ఒక గ్లెన్‌లివెట్. చెడ్డ సరుకు కాదు. కానీ చివరి రెండూ తప్ప అన్నీ బ్లెండ్లే, అంటే మాల్టులకు వేరే ధాన్యాలతో చేసిన గ్రెయిన్ విస్కీ జతచేసి, ఎక్కువ మందికి నచ్చేలా, ఎవరికీ వెగటు పుట్టకుండా కలిపినవే. వీటిలో వీటిని పోల్చుకుని "స్కాచ్ అంతా ఒకటే" అని తేల్చేసినవాణ్ణి తప్పు పట్టలేం.

రెండో దారి శంషాబాద్ విమానాశ్రయం. విదేశం నుంచి దిగే పెద్దవాళ్లెవరైనా సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. అమెరికాలోనో సింగపూర్‌లోనో పిల్లలున్న ఇళ్లకు ఈ పేటల్లో కొదవ లేదు కాబట్టి గోద్రెజ్ బీరువాలో లీటరు సీసా ఒకటైనా ఉంటుంది. తీయడానికి మాత్రం ముహూర్తం కుదరదు. ఇక్కడొక చిన్న మాట: గాజు సీసాలో విస్కీకి వయసు పెరగదు. పన్నెండేళ్లది బీరువాలో పదేళ్లుంటే ఇరవై రెండేళ్లది కాదు. బిరడా సరిగ్గా లేకపోతే మట్టం తగ్గి పలచబడుతుంది, అంతే.

మూడో దారి మిలిటరీ క్యాంటీన్ సీసా, దాని వెనకే తిరిగే "ఢిల్లీ సరుకు". ఎక్సైజ్‌వాళ్లు దీన్ని ఎన్‌డీపీఎల్ అంటారు, అంటే ఈ రాష్ట్రంలో సుంకం కట్టని మద్యం. చవగ్గా వస్తుందని మురిసిపోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఖాళీ సీసాలకు మంచి రేటు ఉన్న చోట వాటిని మళ్లీ నింపేవాడూ ఉంటాడు. స్కాట్లండ్‌లోనే ఈ బెడద తప్పలేదు. 2018లో అక్కడి ప్రయోగశాల ఒకటి వేలం మార్కెట్లో తిరిగే 55 అరుదైన సీసాలను రేడియో కార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే 21 నకిలీవని తేలింది. నిపుణుల కళ్లను దాటిన సీసాలవి. ఇలా చేతులు మారి వచ్చిన, ఎక్సైజ్ హోలోగ్రామ్ లేబుల్ లేని సీసాను రుచి చూసి పోల్చడం దండగ.

నారాయణగూడకు ఈ విషయంలో ఇంకో పాత చుట్టరికం ఉంది. నిజాం కాలంలో సర్కారీ డిస్టిలరీ ఇక్కడే నడిచింది. హైదరాబాద్ సంస్థానంలో సారాకు ముడిసరుకు ఇప్పపువ్వు. భూమి శిస్తు తర్వాత ఖజానా నింపిన పెద్ద పద్దుల్లో ఆబ్కారీ ఒకటి. పువ్వు వాసన సారాలోకి దిగడం, ఆ వాసనతోనే దాన్ని గుర్తుపట్టడం ఈ నేలకు కొత్తేమీ కాదు. లేనిదల్లా దాన్ని చెక్క పీపాలో ఏళ్లతరబడి దాచే ఓపిక, తీరిక. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబర్‌లో సారా మీద నిషేధం వచ్చింది, 1995 జనవరి నుంచి 1997 దాకా మొత్తం మద్య నిషేధమే నడిచింది. నిషేధం ఎత్తేశాక పెరిగిన తరం సీసా, లేబుల్, బ్రాండు చూసి తాగడం నేర్చుకుంది.

ఇక లేబుల్ చదవడం. చట్టం ప్రకారం స్కాచ్ అనాలంటే స్కాట్లండ్‌లోనే బట్టీలో కాచి, అక్కడే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఉంచి, 40 శాతానికి తగ్గకుండా సీసాలో పోయాలి. 2009 నిబంధనలు దీన్ని అయిదు రకాలుగా విడదీశాయి: సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, బ్లెండెడ్ స్కాచ్. మన షాపుల్లో దొరికేదాంట్లో ఎక్కువ చివరిదే. 2012 నుంచి సింగిల్ మాల్టును స్కాట్లండ్ దాటించి సీసాలో పోయకూడదు. బ్లెండును మాత్రం ట్యాంకుల్లో తెచ్చి ఇక్కడ సీసాల్లో పోయొచ్చు. హండ్రెడ్ పైపర్స్, టీచర్స్, బ్లాక్ డాగ్ అలా వచ్చేవే. లోపలున్నది అసలు స్కాచే; ఇక్కడ పోశారని చులకన చేయనక్కర్లేదు. ఇక్కడ అమ్మే చాలా సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది, పాత బ్రిటిష్ కొలతలో 75 ప్రూఫ్. డ్యూటీ ఫ్రీ సీసా మీద ఎక్కువగా 40. "ఫారిన్‌ది మెత్తగా ఉంటుంది" అనే నమ్మకంలో కొంత భాగం ఈ 2.8 శాతానిదే కావచ్చు.

సీసాలో ఉన్నది విస్కీయేనా అన్న తగువు కూడా పాతదే. 1905లో లండన్ ఇస్లింగ్టన్‌లో కొందరు దుకాణదారుల మీద కేసు పెట్టారు: గ్రెయిన్ స్పిరిట్ కలిపి విస్కీ అంటున్నారని. అది ముదిరి రాయల్ కమిషన్ దాకా పోయింది. 1909లో కమిషన్ గ్రెయిన్ కూడా విస్కీయే అని తేల్చింది. ఈనాటి బ్లెండు వ్యాపారమంతా ఆ తీర్పు మీద నిలబడింది. మన దగ్గర ఇంకో అడుగు ముందుకేశాం. చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌లో కొంచెం మాల్టు కలిపి విస్కీ అని అమ్మొచ్చు; యూరప్‌లో అది విస్కీ కాదు. మన దేశపు ఖరీదైన రకాల్లో కొన్నింటిలో స్కాచ్ మాల్టు కూడా కలుపుతారు. వాటిని స్కాచ్‌తో పోల్చడం తప్పు కాదు గానీ పోల్చేది రెండు వేర్వేరు వస్తువులని తెలిసి పోల్చాలి.

రుచి ఎక్కడినుంచి వస్తుంది? అసలు సరదా ఇక్కడుంది.

మొదట పొగ. బార్లీ మొలకలను ఆరబెట్టేటప్పుడు కింద పీట్ మండిస్తే, అంటే వేల ఏళ్లుగా చిత్తడి నేలలో కుళ్లి గట్టిపడిన గడ్డిని, ఆ పొగలోని ఫినాల్స్ గింజకు పడతాయి. దీన్ని పీపీఎంలో, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులని, చెబుతారు: ఆర్డ్‌బెగ్ మాల్టుకు 55 దాకా, లగవూలిన్‌కు 35 ప్రాంతంలో. ఈ అంకెలను చూసి భయపడేవాళ్లకు ఒక సమాచారం: అది గింజ మీద కొలత, గ్లాసులోది కాదు. బట్టీలో, పీపాలో చాలా పోతుంది. లగవూలిన్, కోల్ ఈలా రెండూ ఐలా దీవిలోని పోర్ట్ ఎలెన్ నుంచి దాదాపు ఒకే పొగ స్థాయి మాల్టు తెప్పించుకుంటాయి. రుచి మాత్రం ఒకటి కాదు. బట్టీ ఆకారం, ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా కారేదాన్ని ఉంచుకుంటారన్న లెక్క, పీపా, ఇవి మిగతా పని చేస్తాయి. గ్లెన్‌మొరాంజీ బట్టీలు స్కాట్లండ్‌లోకెల్లా ఎత్తైనవి, మెడలే 5.14 మీటర్లు, బరువైన ఆవిరి అంత ఎత్తు ఎక్కలేక వెనక్కి జారుతుంది కాబట్టి అక్కడి స్పిరిట్ పలచగా, పూల వాసనతో వస్తుంది.

చిక్కడపల్లిలో పీట్ పొగ ఎరగమనుకునేవాళ్లలో చాలామంది దాన్ని తాగే ఉన్నారు. టీచర్స్‌కు గుండెకాయ ఆర్డ్‌మోర్ అనే హైలాండ్ డిస్టిలరీ; 1898లో టీచర్ కుటుంబమే కట్టించింది. అక్కడి మాల్టు పొగ పట్టినది. సోడా నిండా పోసుకుంటే అది దొరకదు. ఉత్తది గ్లాసులో ఒక చెంచా పోసి వాసన చూస్తే దొరుకుతుంది.

తర్వాత పీపా. అమెరికన్ బూర్బన్‌ను కొత్తగా కాల్చిన ఓక్ పీపాలోనే ఉంచాలని అక్కడి చట్టం. ఒకసారి వాడిన పీపా వాళ్లకు పనికిరాదు, స్కాట్లండ్‌కు పోతుంది. ఆ చెక్కలోంచి వెనిలా, కొబ్బరి వాసనలు దిగుతాయి. స్పెయిన్ షెర్రీ పట్టిన పీపా అయితే కిస్మిస్, ఎండు ఖర్జూరం. లవంగానికి వాసననిచ్చే యూజెనాల్ ఓక్‌లోనూ ఉంది, అరటిపండు వాసననిచ్చే ఎస్టరు పులియబెట్టినప్పుడే పుడుతుంది. 1979లో ఎడింబరోలోని పెంట్లాండ్స్ పరిశోధన సంస్థవాళ్లు ఈ వాసనలన్నింటినీ ఒక చక్రంలో పేర్చారు. పుస్తకాల్లో ఆ చక్రం నుంచి పుట్టిన మాటలు హెదర్ పూలని, క్రిస్మస్ కేకని చుట్టూ తిరుగుతాయి. హెదర్ పువ్వును నేనూ చూడలేదు, చదివేవాళ్లూ చూసి ఉండరు. కట్టెల పొయ్యి, డెట్టాల్, ఎండు కొబ్బరి, జాజికాయ, మగ్గిన అరటి, కాచిన నెయ్యి అంటే మన ముక్కుకు వెంటనే పట్టుబడతాయి. ఐలా మాల్టు లఫ్రోయగ్ తాగి ఆస్పత్రి వార్డు గుర్తొచ్చింది అన్నవాడు హాస్యమాడటం లేదు. అది కచ్చితమైన వర్ణన.

అయితే ప్రాంతాన్ని బట్టి రుచి చెప్పొచ్చా? హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, ఐలా, క్యాంబెల్‌టౌన్ అని చట్టమే అయిదు ప్రాంతాలు గుర్తించింది. దుకాణంలో సేల్స్‌మన్ కూడా "ఇది స్పేసైడ్ సార్, తియ్యగా ఉంటుంది" అంటాడు. నా లెక్కలో ఈ సూత్రం సగమే పనికొస్తుంది. ఐలాలోనే బునహావెన్ ప్రధాన రకంలో పొగ దాదాపు ఉండదు. హైలాండ్ ఆర్డ్‌మోర్‌లో ఉంటుంది. 1994లో లపాంట్, లెజాండ్ర్ అనే కెనడా పరిశోధకులు 109 మాల్టులను గణాంక పద్ధతిలో గుంపులు కట్టారు. ఆధారంగా తీసుకున్నది మైకేల్ జాక్సన్ అనే విస్కీ రచయిత (పాటలాయన కాదు) పుస్తకంలోని వర్ణనలు. లెక్క ఎంత గట్టిదైనా కింద ఉన్నది ఒక్క మనిషి నాలుకే. 2002లో డేవిడ్ విషార్ట్ ఇంకాస్త మెరుగైన పని చేశాడు: 86 డిస్టిలరీల మాల్టులకు పన్నెండు లక్షణాల్లో సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసి, పటం చూడకుండా, రుచిని బట్టే పది గుంపులు చేశాడు. కొనేవాడికి పనికొచ్చే వర్గీకరణ ఇది. మరీ టూకీగా చెప్పాలంటే పొగ ఉందా లేదా, షెర్రీ పీపానా బూర్బన్ పీపానా అని అడిగితే చాలు. ఊరి పేరు తర్వాత.

వయసు, ధర గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. లేబుల్ మీది సంఖ్య అందులో అన్నిటికన్నా చిన్నదాని వయసు, పీపా మంచిదనడానికి హామీ కాదు. రంగు అసలే నమ్మొద్దు. ఇ150ఎ అనే కారమెల్ రంగు కలపడానికి స్కాచ్ చట్టం ఒప్పుకుంటుంది. ఇక ధర. 2008లో కాలిఫోర్నియాలో ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదని, ఒకసారి 90 డాలర్లదని చెప్పి తాగించారు. 90 అన్నప్పుడు ఎక్కువ బాగుందన్నారు. మర్యాదకు అన్నది కాదది. స్కానింగ్‌లో మెదడులో ఆనందానికి సంబంధించిన భాగమే ఎక్కువ స్పందించింది. కాబట్టి ధర చెప్పి పోసిన గ్లాసుకు తీర్పు అడగడం అనవసరం.

నీళ్ల దగ్గర పరిశోధకులు మనకు సూటిగా తగిలే మాట చెప్పారు. 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ నమూనాలో చూపించినదేమంటే, పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అణువులు ఘాటు స్పిరిట్‌లో లోపలే ఉండిపోతాయి, 45 శాతానికి దిగేసరికి పైకి చేరతాయి. అంటే కాస్త నీరు వాసనను లేపుతుంది. 2023లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీవాళ్లు 25 విస్కీలను ప్రయోగశాలలో విశ్లేషించి, వాటిలో కొన్నింటిని మనుషుల చేతే అంచనా వేయించారు. అయిదింట ఒక వంతు నీళ్ల దాకా తేడాలు నిలిచాయి. అది దాటితే ఒకే జాతి విస్కీలన్నీ ఒకదానిలా ఒకటి తయారయ్యాయి. ముప్పై మిల్లీలీటర్ల పెగ్గుకు ఏడెనిమిది మిల్లీలీటర్లు, అంటే చెంచాన్నర. మనం పోసేది పెగ్గుకు మూడింతల సోడా. అక్కడికి రెడ్ లేబుల్‌కూ పద్దెనిమిదేళ్ల మాల్టుకూ మధ్య తేడా బిల్లులోనే మిగులుతుంది. స్కాట్లండ్ బ్లెండర్లు మాత్రం ఆల్కహాల్ 20 శాతానికి దిగేలా, అంటే సగానికి సగం నీళ్లు పోసి చూస్తారు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. కానీ వాళ్లు తాగరు, ముక్కుతో తప్పులు వెతుకుతారు. వాళ్ల పని వేరు.

సోడా తప్పని నేను అనడం లేదు. మే నెలలో చిక్కడపల్లి డాబా మీద సోడా, ఐసు లేకుండా విస్కీ తాగమని చెప్పేవాడికి మన ఎండ తెలియదు. తాగడానికి సోడా, పోల్చడానికి నీళ్లు. పోల్చేటప్పుడు గది చల్లగా ఉండాలి; నలభై డిగ్రీల్లో ముందు ఆల్కహాలే ముక్కులో కొడుతుంది. నీళ్లు ఆర్‌ఓవో క్యాన్‌వో కావాలి, బోరు నీళ్లు కాదు, క్లోరిన్ వాసన కొట్టే నల్లా నీళ్లు అసలే కాదు. గ్లాసు పైకి సన్నబడేది మంచిది. 2001లో వచ్చిన గ్లెన్‌కెయిర్న్ ఇందుకోసం చేసిందే, చిన్న వైన్ గ్లాసు అయినా నడుస్తుంది. మీద ఇరానీ హోటల్ సాసర్ లాంటిది మూత పెట్టి కాసేపాగి తీస్తే వాసన అంతా ఒక్కసారి అందుతుంది.

మిర్చి బజ్జీ విషయంలో మాత్రం రాజీ లేదు. కారాన్ని పట్టే గ్రాహకం, ఆల్కహాల్ మంటను పట్టే గ్రాహకం ఒక్కటే: టీఆర్‌పీవీ1. మామూలుగా 42 డిగ్రీల వేడికి మేలుకునే ఇది ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే మేలుకుంటుందని 2002లో కనుక్కున్నారు. అంటే నోటి సొంత వేడే మంటగా తెలుస్తుంది. దాని మీద పచ్చిమిర్చి పడితే ఇక ఏ స్కాచైనా మంటే. పోల్చేంత సేపు ఉప్పూ కారం లేని మరమరాలు, నీళ్లు. చకినాలు, పల్లీలు, బజ్జీలు తీర్పు రాసుకున్నాక.

ఇప్పుడు పరీక్ష. ఇంద్రియ పరిశోధనలో ట్రయాంగిల్ టెస్ట్ అంటారు. మూడు గ్లాసులు, రెండింటిలో ఒకే విస్కీ, మూడోదాంట్లో వేరేది. కళ్లతో తేల్చకుండా స్టీలు గ్లాసులో పోసినా సరే. తేడాగా ఉన్నది ఏదో చెప్పాలి. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు: మూడు ఆప్షన్ల ఆబ్జెక్టివ్ ప్రశ్న ఇది, గుడ్డిగా గుర్తు పెట్టినా మూడింట ఒకసారి మార్కు వస్తుంది. అందుకే ఒక్కసారి సరిగ్గా చెప్పినవాణ్ణి నిపుణుడనకూడదు. ఆరుసార్లలో నాలుగుకు తగ్గకుండా కాకతాళీయంగా కుదిరే అవకాశం పదింట ఒకటి. అయిదుకు తగ్గకుండా అయితే నూటికి రెండు కన్నా తక్కువ. ఆరింట అయిదు చెప్పినవాడి నాలుకను నమ్మొచ్చు. ఒక్కో గ్లాసులో చెంచాకు మించి పోయొద్దు, ముక్కు అలిసిపోతుంది. రక్తంలో నూరు మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నారాయణగూడ చౌరస్తాలో బండి ఆపేస్తారు కూడా. ఇంటికి నడిచి వెళ్లేవాళ్లతోనే ఈ పరీక్ష పెట్టుకోవడం మేలు.

పొగ ఉన్నదాన్ని, లేనిదాన్ని ఎవరైనా విడదీయగలరు. షెర్రీ పీపాను బూర్బన్ పీపా నుంచి కాస్త శ్రద్ధతో విడదీయొచ్చు. ఒకే ధర బ్లెండ్లు రెండు, హండ్రెడ్ పైపర్స్, బ్లాక్ అండ్ వైట్ లాంటివి ఇస్తే నా చుట్టుపక్కల గొప్ప గొప్పవాళ్లు తడబడతారు, నేనూ అంతే. ఒకే డిస్టిలరీ పన్నెండేళ్లది, పద్దెనిమిదేళ్లది విడదీయడం వీలే గానీ, ఏది బాగుందంటే ఓట్లు చీలిపోతాయి. కాబట్టి పదిహేను వేలు పెట్టి ఒక్క సీసా కొనేకన్నా ముగ్గురు కలిసి మూడు రకాలు కొనడం తెలివి: గ్లెన్‌లివెట్ లాంటి తేలికది ఒకటి, అబెర్లౌర్ లాంటి షెర్రీ పీపాది ఒకటి, పొగ పట్టిన టాలిస్కరో లఫ్రోయగో ఒకటి. రుచి చూడటం కూడా ఆ వరసలోనే, పొగది చివర. అంత ఖర్చు వద్దంటే టీచర్స్, బ్లాక్ అండ్ వైట్ క్వార్టర్లు పక్కపక్కన పెట్టినా పాఠం మొదలవుతుంది.

ఆ మూడింటి మధ్యలో చెప్పకుండా ఒక మన దేశపు మాల్టు పెడితే పరీక్ష ఇంకా రక్తి కడుతుంది. బెంగళూరు అమృత్ 2004లో నేరుగా గ్లాస్గోకే వెళ్లి సింగిల్ మాల్టు అమ్మింది. 2010 నాటి విస్కీ బైబిల్ పుస్తకంలో విస్కీ రచయిత జిమ్ ముర్రే దాని ఫ్యూజన్‌ను ప్రపంచంలో మూడో స్థానంలో పెట్టాడు. తర్వాత గోవా నుంచి పాల్ జాన్, హర్యానా నుంచి ఇంద్రి వచ్చాయి. స్కాట్లండ్‌లో పీపా నుంచి ఏడాదికి సుమారు రెండు శాతం ఆవిరైపోతే బెంగళూరులో పది పన్నెండు శాతం పోతుంది. అంత వేగంగా చెక్క లోపలికి దిగుతుంది కాబట్టి ఇక్కడి నాలుగైదేళ్ల మాల్టుకు అక్కడి పన్నెండేళ్లదాని రంగూ బరువూ వస్తాయి. అదే నాణ్యతా అంటే పూర్తిగా కాదు. చెక్క గబగబా ఎక్కుతుంది, స్పిరిట్‌లోని పచ్చిదనం మెత్తబడటానికి కావలసిన కాలం మాత్రం అంత త్వరగా గడవదు. కొన్నింటిలో ఆ తొందర తెలుస్తుంది. తెలియని సీసాలు కూడా ఉన్నాయి, వాటిని స్కాచ్ పక్కన తలెత్తుకుని నిలబెట్టొచ్చు.

సీసాల లెక్కన చూస్తే స్కాచ్‌ను అందరికన్నా ఎక్కువ కొనేది ఇప్పుడు మనమే. 2022లో 21.9 కోట్ల సీసాలతో ఫ్రాన్స్‌ను దాటాం, 2024లో 19.2 కోట్లు. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం 150 శాతం దిగుమతి సుంకాన్ని ముందు 75కు, పదేళ్లలో 40కి దించుతుంది. ధరలు సగానికి పడిపోతాయని ఆశపడేవాళ్లకు నేను తోడు రాను. కస్టమ్స్ సుంకం మీద రాష్ట్రం వేసే పన్నులు అలాగే ఉంటాయి, సీసా ధరలో పెద్ద వాటా వాటిదే. రెండేళ్ల లాటరీ లైసెన్సు కూడా అలాగే ఉంటుంది. దుకాణదారు లెక్క మారనంత కాలం చిక్కడపల్లి అరల్లో రకాలు పెరగవు; ధర కాస్త తగ్గితే అదే బ్లాక్ లేబుల్ ఇంకాస్త ఎక్కువ అమ్ముడుపోతుంది.